చేతి సైగలతో కర్సర్: వెబ్‌క్యామా, లీప్ మోషనా?

మౌస్ ముట్టకుండా కర్సర్ కదపడానికి రెండు దారులు: ల్యాప్‌టాప్ వెబ్‌క్యామ్‌కి పైథాన్‌లో మీడియాపైప్ (వీడియోలో చేతిని గుర్తుపట్టే గూగుల్ లైబ్రరీ) జోడించడం, లేదా 2013లో వచ్చిన లీప్ మోషన్ పరికరాన్ని యూఎస్‌బీకి తగిలించడం.

వెబ్‌క్యామ్‌తో పైసా ఖర్చు లేదు, చాకిరీ మాత్రం ఉంది. మీడియాపైప్ ఒక్కో చేతికి 21 బిందువులిస్తుంది. ప్రతి బిందువుకీ ఒక నంబరు: 4 బొటనవేలి కొస, 8 చూపుడువేలి కొస. రెండూ దగ్గరపడితే క్లిక్ అని రాస్తాం. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. దూరాన్ని పిక్సెళ్లలో కొలిస్తే, చెయ్యి వెనక్కి జరిగినప్పుడల్లా దానంతటదే క్లిక్ పడుతుంది. ఆ దూరాన్ని మణికట్టు (0) నుంచి మధ్యవేలి మొదలు (9) దాకా ఉన్న పొడవుతో భాగించండి, వచ్చిన సంఖ్య 0.25 కన్నా తగ్గితే క్లిక్ అని మొదలుపెట్టి సర్దుకోండి. కర్సర్‌ని 8కి కట్టొద్దు. వేళ్లు కలిసే క్షణంలో అది జారి పక్క బటన్ మీద పడుతుంది. చూపుడువేలి మొదలు (5) అంతగా కదలదు, దానికి కట్టండి. కర్సర్‌ని కదిపే పైథాన్ లైబ్రరీ పైఆటోగుయ్ ప్రతి కాల్ తర్వాత 0.1 సెకను ఆగుతుంది. ఆ పాజ్‌ని సున్నా చెయ్యకపోతే నత్తనడకే. వెలుతురు చాలకపోయినా అంతే, చాలా కెమెరాలు ఫ్రేములు తగ్గించేస్తాయి.

లీప్ మోషన్‌లో రెండు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు, మూడు ఎల్‌ఈడీలు ఉంటాయి. చీకట్లోనూ పనిచేస్తుంది, లోతూ కొలుస్తుంది. కిటికీ ఎండ నేరుగా పడితే తడబడుతుంది. అరచెయ్యి నిలువుగా తిప్పితే వేళ్లు ఒకదాని చాటున ఒకటి పడి లెక్క తప్పుతుంది.

నేర్చుకోవడానికి వెబ్‌క్యామే మేలు. 3డీ మోడళ్లు తిప్పేవాళ్లకైతే లీప్. పైగా వెబ్‌క్యామ్ ముందు మోచెయ్యి బల్లకి ఆనించుకోవచ్చు. లీప్ మీద చెయ్యి గాల్లో నిలపాలి, పది నిమిషాలకే భుజం లాగుతుంది.