వైరుదా, సెల్లుదా? గేమింగ్ మౌసు ఏది మేలు

వాలొరెంట్ అనే షూటింగ్ గేము ఆడే మన వరంగల్, కరీంనగర్ దిక్కు పోరగాండ్లు మౌసు కొందామనుకుంటే తిరిగి తిరిగి మూడింటి కాడనే ఆగుతరు. లాజిటెక్ జీ102, అదే కంపెనీది జీ304, రేజర్ డెత్‌ఆడర్ ఎసెన్షియల్. 304కు వైరు ఉండది, సెల్లుతోని నడుస్తది, మిగిలిన రెండిటికి వైరు ఉంటది.

షాపుల అడిగినా దోస్తును అడిగినా ముందుగల్ల డీపీఐ లెక్కనే చెప్తరు, 102కు 8000, 304కు 12000, డెత్‌ఆడర్‌కు 6400, గిట్ల చూస్తే 304 తోపు, డెత్‌ఆడర్ వేస్టు అనిపిస్తది గానీ గా నంబరు చూసి కొనుడంత దండుగ పని ఇంకోటి లేదు. మౌసును ఒక్క అంగుళం జరిపితే సెన్సార్ ఎంత లెక్కవెడ్తదో గదే డీపీఐ. మన ల్యాప్‌టాప్ స్క్రీన్ అడ్డంగ 1920 పిక్సెళ్లు ఉంటది, 8000 పెట్టినవంటే పావు అంగుళం కదిపేసరికి కర్సర్ ఈ అంచుకెళ్లి ఆ అంచుకు ఉరుకుతది, ఇగ హెడ్‌షాట్ ఏం కొడ్తవు. షూటింగ్ గేములాడేటోళ్లు చానమంది 400 నుంచి 1600 లోపలనే పెట్టుకుంటరు, గంత పని మూడూ చేస్తయి. పోలింగ్ రేటు, అంటే మౌసు సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు చెప్తదో గది, కూడ మూడిటికి 1000 హెర్ట్జే. కాబట్టి డబ్బ మీద రాసింది పక్కకు పెట్టు.

తేడా అంత చేతిల ఉంటది. 102, 304 రెండిటి సైజు ఒక్కటే, పొడుగు 116 మిల్లీమీటర్ల పైచిలుకు. డెత్‌ఆడర్ 127, వీపు కూడ ఎత్తుగ ఉంటది. అరచెయ్యి మొత్తం మౌసు మీద పరిచి పట్టేటోళ్లకు, చెయ్యి పెద్దగున్నోళ్లకు డెత్‌ఆడరే హాయి, గంటలు గంటలు ఆడినా మణికట్టు గుంజది. వేళ్లు వంచి కొసలతోని పట్టేటోళ్లకు, చిన్న చెయ్యి ఉన్నోళ్లకు అది బండ లెక్క అనిపిస్తది, వాళ్లకు 102 సైజే కరెక్టు. ఎడమచేతి వాటమోళ్లయితే డెత్‌ఆడర్ ముచ్చటే వద్దు, అది కుడి చెయ్యికే వంపు తిప్పి చేసింది. 102, 304 ఆకారం రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది గానీ సైడు బటన్లు ఎడమ పక్కకే ఉంటయి, గది కూడ చూస్కోవాలె.

ఇగ అసలు పంచాయితీ వైరుది. వైర్‌లెస్ అంటే ల్యాగ్ వస్తదని, అంటే చెయ్యి కదిపినంక కర్సర్ ఆలస్యంగ కదులుతదని, ఇంకా అనేటోళ్లున్నరు, గది పాత ముచ్చట. 304 డాంగిల్, అంటే కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుల గుచ్చే చిన్న రిసీవర్, మిల్లీసెకనుకు ఒకసారి సిగ్నల్ ఇస్తది, వైరుదానికి తీసిపోదు. (ఆఫీసుల వాడే బ్లూటూత్ మౌసు వేరు, దాన్ని దీన్ని ఒక్కగట్ట కట్టొద్దు.) డాంగిల్‌ను హార్డ్ డిస్క్ పెట్టిన యూఎస్‌బీ పోర్టు పక్కన గుచ్చితే మాత్రం సిగ్నల్ కొట్టుకుంటది, జర దూరం పెట్టాలె. చార్జింగ్ లేదు, గోడ గడియారంల ఏసే సెల్లు ఒక్కటి ఏస్తే అయిపోతది, కంపెనీ లెక్క ప్రకారం 250 గంటలు వస్తది. రాత్రి పదింటికి సెల్లు అయిపోయినా గల్లీ కిరాణంల దొరుకుతది, చార్జింగ్ పెట్టి కూసునే బాధ లేదు, నాకు దీంట్ల అన్నిట్ల నచ్చింది గిదే. కాకపోతే సెల్లుతోని కల్పి 99 గ్రాములు, 102 అయితే 85. లిథియం సెల్లు ఏస్తే ఎనిమిది గ్రాముల దాక తగ్గుతది, ధర మాత్రం మామూలు సెల్లు కంటే ఎక్కువ. హాస్టల్ల ఉండేటోళ్లకు ఇంకో మాట, డాంగిల్ చిటికెన వేలి గోరంత ఉంటది, పోయిందంటే మౌసు మూలకు పడ్డట్టే, సెల్లు మూత కింద దానికి జాగ ఇచ్చిండ్రు, ఆడుడు అయిపోంగనే అండ్ల పెట్టాలె.

ధర చూస్తే 304 దాదాపు 102కు రెండింతలు పడ్తది. గా మిగిలిన పైసలు పెట్టి పెద్ద బట్ట ప్యాడ్ కొన్నవనుకో, ఆట మారిపోతది నిజంగ, ఎందుకంటే మనోళ్లు చానమంది మంచం మీద కూసోని దుప్పటి మీదనో, కొత్తవాడ జంపఖానా మీదనో మౌసు తిప్పుతరు, జంపఖానా కూసునేందుకు మంచిదే గానీ గా నేత గీతల మీద మౌసు కింది పాదాలు తట్టుకుంటయి, సెన్సార్ కూడ అక్కడక్కడ తడబడ్తది. అద్దం టేబుల్ అయితే అసలు పనే చెయ్యది. ఎండకాలం మనకాడ 43, 44 డిగ్రీలు కొడ్తది, చెయ్యి చెమటకు బట్ట ప్యాడ్ తడుస్తది, అప్పుడప్పుడు ఉతికి నీడకు ఆరబెట్టాలె.

నన్నడిగితే రెండు వేల లోపల 102, దాంతోని పెద్ద ప్యాడ్. చెయ్యి పెద్దదైతే డెత్‌ఆడర్. 304 ఎవలకంటే, పొద్దంత కాలేజీల అదే మౌసుతోని పని చేసుకోని రాత్రి గేమాడేటోళ్లకు, బ్యాగుల వైరు చిక్కువడుడు ఉండది. తక్కువ పైసలకు పేరు తెల్వని కంపెనీది ఏడు రంగుల లైట్లు పెట్టి అమ్ముతరు సూడు, అది తీస్కోకు తమ్మీ, గా పైసలకు సెన్సార్ మంచిది రాదు.

డబుల్ క్లిక్ రోగం మాత్రం లోపల రేకు స్విచ్చి ఉన్న మౌసు దేనికైనా రావచ్చు, ఆ రేకు అరిగితే ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడ్తది. బిల్లు దాచిపెట్టు, వారంటీ దాటినంక అయితే సోల్డరింగ్ వచ్చినోని దగ్గర స్విచ్చి మార్పిస్తే సరిపాయె, కొత్త మౌసు అక్కరలేదు.