రేట్లు పెరిగిన ఈ రోజుల్లో కలిసి ఆడే కార్డ్ గేమ్ ఏది మేలు: ఆర్కమ్ హారరా, మార్వెల్ ఛాంపియన్సా, ది క్రూనా?

హైదరాబాద్ నుంచి మా బావమరిది పోయిన వారం ఫోన్ చేశాడు. "బావా, డాలస్ వచ్చినప్పుడు మీ ఇంట్లో ఆడామే, సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళ తీసే ఆట! అది కొందామని చూస్తే ఒకే పేరు మీద బోలెడు బాక్సులు కనపడుతున్నాయి. దేనితో మొదలుపెట్టాలి? పైగా ఇంత రేటా?" అన్నాడు. గంటసేపు మాట్లాడినా చెప్పాల్సింది మిగిలిపోయింది. ఇదే అయోమయంలో ఉన్నవాళ్ళు ఇంకొందరు నాకు తెలుసు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

అతను అడిగింది ఆర్కమ్ హారర్: ది కార్డ్ గేమ్ గురించి. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2016లో తెచ్చింది. తయారుచేసినవాళ్ళు నేట్ ఫ్రెంచ్, మాథ్యూ న్యూమన్. కథ 1920ల నాటి అమెరికాలో, మసాచుసెట్స్‌లోని ఆర్కమ్ అనే కల్పిత ఊళ్ళో జరుగుతుంది. ఆడేవాళ్ళంతా ఒకే జట్టు, ఎదుటి పక్షం ఆటే. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. మనవైపు పేక ముక్కలు బయటికి తీశారంటే డబ్బులు, అలకలు, అర్ధరాత్రి గొడవలు గుర్తొస్తాయి. ఇందులో అవేవీ లేవు. మా ఆవిడ మొదటిసారి ఆడాక అన్న మాట కూడా అదే: "ఎవరి మీదా కోపం తెచ్చుకోకుండా మూడు గంటలు గడిచాయి."

ముందు రేటు సంగతి. ఈ తరహా ఆటల్ని ఆ కంపెనీ లివింగ్ కార్డ్ గేమ్ అంటుంది. 1993లో మ్యాజిక్: ది గ్యాదరింగ్ తెచ్చిన పద్ధతిలో ప్యాకెట్ చింపితే ఏ కార్డు వస్తుందో తెలియదు, కావలసింది దొరికేదాకా కొంటూనే ఉండాలి. ఇందులో అలా కాదు. ఏ బాక్సులో ఏ కార్డులున్నాయో ముందే తెలుసు, ప్రపంచమంతా ఒకటే. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. అయితే కొత్త బాక్సులు మాత్రం ఏటా వస్తూనే ఉంటాయి. ఖర్చంతా అక్కడే.

ఆర్కమ్ మొదటి కోర్ సెట్, అంటే ఆట మొదలుపెట్టడానికి కొనే బాక్సు, 39.95 డాలర్లు ఉండేది. ఇద్దరికి సరిపోయేది, నలుగురు ఆడాలంటే రెండు కోర్లు కొనాల్సొచ్చేది. 2021లో దాన్ని సవరించి నలుగురికి సరిపడా కార్డులతో 59.95కి తెచ్చారు. రేటు పెరిగిందని చాలామంది బాధపడ్డారు. నా లెక్కలో ఇది పెంపు కాదు. నలుగురికి 80 డాలర్లు అయ్యే చోట 60 అయింది. ఒంటరిగానో, ఇద్దరుగానో ఆడేవాళ్ళకి మాత్రం నిజంగానే ఇరవై డాలర్లు పెరిగింది. ధర పెరిగిందా తగ్గిందా అన్నది టేబుల్ దగ్గర ఎంతమంది కూర్చుంటారన్న దాన్నిబట్టే తేలుతుంది.

ఎక్స్‌పాన్షన్ల, అంటే కోర్‌కి తర్వాత కలుపుకునే బాక్సుల, కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పాత పద్ధతిలో ముందు ఒక పెద్ద బాక్సు 29.95కి వచ్చేది, ఆ తర్వాత ఒకటొకటిగా ఆరు చిన్న ప్యాకులు, ఒక్కోటి 14.95. మొత్తం కూడితే 119.65. ధారావాహిక కోసం వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినట్టు మేం ప్యాకు కోసం ఎదురుచూసేవాళ్ళం. ఒక ప్యాకు ఆడి, తర్వాత ఏమవుతుందోనని ఆ నెలంతా మాట్లాడుకునేవాళ్ళం. ఆ సుఖం ఇప్పుడు లేదు. కానీ దాని కష్టమూ చిన్నది కాదు. ఆరింటిలో నాలుగోది స్టాక్ అయిపోయిందనుకోండి, కథ మధ్యలో తెగిపోతుంది. దాచుకున్నవాళ్ళు రెట్టింపు రేటు చెప్పేవారు. నేనే ఒక ప్యాకు కోసం ఏడు నెలలు వెతికి, చివరికి అసలు ధరకి రెండున్నర రెట్లు పెట్టి కొన్నాను. తీరా వస్తే బాక్సు నలిగి, రెండు కార్డులు మూల దగ్గర మడత పడి ఉన్నాయి. అమ్మినవాళ్ళు తిరిగి తీసుకోలేదు. ఆ రెండు కార్డులు ఇప్పటికీ తొడుగులో కూడా తేలిగ్గా కనిపెట్టేయవచ్చు.

2021లో ఎడ్జ్ ఆఫ్ ది ఎర్త్ అనే ఎక్స్‌పాన్షన్ నుంచి పద్ధతి మార్చారు. కథంతా ఒకే క్యాంపెయిన్ బాక్సులో 69.95, కొత్త పాత్రలూ వాళ్ళ కార్డులూ వేరే ఇన్వెస్టిగేటర్ బాక్సులో 44.95. రెండూ కలిపి 114.90. పాతదానికన్నా దాదాపు అయిదు డాలర్లు తక్కువే. అయితే నెలకి పదిహేను పెట్టడం వేరు, ఒక్కసారి 70 తీసి ఇవ్వడం వేరు. జీతం నుంచి తీసేవాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది. మేలేమిటంటే పాత్రలు అక్కర్లేదనుకుంటే క్యాంపెయిన్ ఒక్కటే కొనుక్కోవచ్చు. పాత కథల్ని కూడా ఇదే పద్ధతిలో మళ్ళీ అచ్చువేశారు. డన్‌విచ్ లెగసీ 2022లో అలా రెండు బాక్సులుగా వచ్చింది. ముక్కలు వెతుక్కునే బాధ తీరింది. నా మటుకు నాకు కొత్త పద్ధతే మంచిది.

మరి రేట్లు ఎందుకు పెరిగాయి? 2021లో చైనా నుంచి అమెరికా పడమటి తీరానికి ఒక కంటైనర్ పంపడానికి అయ్యే ఖర్చు పది వేల డాలర్లు దాటింది. అంతకుముందు రెండు వేల లోపే ఉండేది. ఈ ఆటల్లో ఎక్కువ భాగం అచ్చయ్యేది చైనాలోనే. ఆ దెబ్బ నుంచి కోలుకునేలోపు 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద అమెరికా సుంకాలు 145 శాతానికి వెళ్ళాయి. మే నెలలో 30కి దిగాయిగానీ ఆ నెలరోజుల్లో చిన్న ప్రచురణకర్తలు పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. కొందరు కోర్టుకి కూడా వెళ్ళారు. కార్డు మీద బొమ్మ గీసినవాడికి, ఆట కట్టినవాడికి ఈ పెంపులో ఏమైనా చేరిందా అన్నదే నా బాధ.

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఒక చిన్న ఊరట ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పేక ముక్కలు, చెస్, క్యారమ్, బోర్డు గేముల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. దిగుమతి సుంకం, రవాణా మాత్రం ఎక్కడికీ పోలేదు. 69.95 డాలర్ల బాక్సు అంటే అసలు ధరే ఆరు వేల రూపాయల మాట. ఇంటికి చేరేసరికి ఇంకా పెరుగుతుంది.

ఇక రెండోది, మార్వెల్ ఛాంపియన్స్. అదే కంపెనీ, 2019. కోర్ సెట్ మొదట్లో 59.95. అందులో స్పైడర్ మ్యాన్, కెప్టెన్ మార్వెల్, షీ-హల్క్, ఐరన్ మ్యాన్, బ్లాక్ పాంథర్, మొత్తం అయిదుగురు హీరోలు. రైనో, క్లా, అల్ట్రాన్ అని ముగ్గురు విలన్లు. నలుగురి దాకా ఆడొచ్చు. ప్రతి హీరో కార్డుకీ రెండు వైపులుంటాయి. ఒకవైపు హీరో, రెండో వైపు మామూలు మనిషి. హీరోగా ఉంటే విలన్ మన మీద పడి కొడతాడు. మామూలు మనిషిగా తిప్పుకుంటే ఊపిరి తీసుకోవచ్చు, కానీ ఆ సందులో విలన్ తన కుట్రని ముందుకి జరుపుతాడు. మా అబ్బాయికి పదకొండేళ్ళు. పీటర్ పార్కర్ వైపు కార్డు తిప్పబోతూ వేలు ఆపి, "నాన్నా, ఇంకో దెబ్బ తట్టుకోగలనా?" అని నా వైపు చూస్తాడు. నేను నా కార్డులు చూసుకుని, "ఆగు, నేను అడ్డుకుంటా" అంటాను. ఈ ఆట మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది.

దీని ఎక్స్‌పాన్షన్లు చిన్నవి. ఒక హీరో ప్యాకు అంటే అరవై కార్డులు, విప్పగానే ఆడుకునేలా సిద్ధంగా కట్టిన డెక్ (ఆడేవాడి కార్డుల కట్ట). మొదట్లో 14.95 ఉండేది, తర్వాత 16.99 అయింది. విలన్ల ప్యాకులు 19.95తో మొదలయ్యాయి. ది రైజ్ ఆఫ్ రెడ్ స్కల్ లాంటి పెద్ద బాక్సులో ఇద్దరు హీరోలు, వరసగా అయిదు పోరాటాలు ఉంటాయి. ఏది ముందు కొన్నా, ఏది కొనకపోయినా ఏదీ ఆగిపోదు. ఆర్కమ్‌లో లేని సౌకర్యం ఇది. పుట్టినరోజుకి ఒక హీరో, దసరాకి ఒక హీరో కొనుక్కుంటూ రెండేళ్ళు హాయిగా గడిపేయొచ్చు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ప్యాకు చిన్నది కాబట్టి చెయ్యి తేలిగ్గా చాస్తాం. పైగా ఒక హీరోకి బాగా పనికొచ్చే కార్డు ఇంకో హీరో ప్యాకులో పెడతారు. ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన డెక్ చూసి అచ్చం అలాగే కట్టాలనుకుంటే నాలుగు ప్యాకులు కొనాల్సొస్తుంది. కొత్తవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే: మొదటి ఆరు నెలలు ఎవరి డెక్కులూ చూడొద్దు. కోర్‌లోనే విలన్‌తో పాటు కలుపుకునే చిన్న కట్టలు అయిదున్నాయి. రైనోకి బాంబ్ స్కేర్ అనే కట్ట బదులు ఇంకోటి కలిపి చూస్తే అదే పోరాటం కొత్తగా ఉంటుంది. చాలామంది ఈ పని చేయకుండానే "కోర్ అయిపోయింది" అని ప్యాకుల మీద పడతారు.

కథ పరంగా మాత్రం మార్వెల్ ఆర్కమ్ దరిదాపుల్లోకి రాదు. ఆర్కమ్‌లో ఒక ఘట్టంలో చేసిన తప్పు మూడు ఘట్టాల తర్వాత మీ గుమ్మం ముందు నిలబడుతుంది. ఒక మనిషిని కాపాడలేకపోతే ఆ పేరు కాగితం మీద రాసుకోవాలి, అది చివరిదాకా వెంటాడుతుంది. ఆ సంచి మాట సరేసరి. పోట్లాడాలన్నా, తప్పించుకోవాలన్నా, ఆధారాలు వెతకాలన్నా సంచిలోంచి ఒక బిళ్ళ తీయాలి. అన్నిటికన్నా చెడ్డది ఎర్రటి టెంటకిల్ గుర్తు, అది వస్తే మీ బలం ఎంతున్నా ఆ ప్రయత్నం విఫలమే. మా బావమరిది చెయ్యి లోపల పెట్టి బిళ్ళలు కదుపుతుంటే ఆ చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినపడలేదు. అంత పెద్ద మనిషీ కళ్ళు మూసుకున్నాడు. ఆ క్షణం కోసమే ఇన్నేళ్ళు నేను డబ్బు పెట్టాను. పెట్టినందుకు ఏ రోజూ విచారించలేదు.

అయితే ఆర్కమ్‌కి మనుషులు కుదరాలి. ఒక క్యాంపెయిన్‌లో మామూలుగా ఎనిమిది ఘట్టాలు, ఒక్కోదానికి రెండు మూడు గంటలు. అదే ఇద్దరో ముగ్గురో రెండు మూడు నెలల పాటు వరసగా కలవాలి. అలా కలిసే జట్టు లేకపోతే 70 డాలర్ల బాక్సు అటక మీదే ఉంటుంది. ఇంకో సంగతి: 2026కి రెండో అధ్యాయం అంటూ ఇంకో కోర్ సెట్ ప్రకటించారు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు బాక్సు మీద ఏ కోరో చదివి మరీ కొనాలి. సెకండ్ హ్యాండ్‌లో అయితే 2016 నాటి ఇద్దరి కోరా, 2021 నాటిదా అని అడగాలి.

మూడోది ది క్రూ. దీన్ని ఈ పెద్దవాటి పక్కన పెట్టడమేమిటని నా స్నేహితులు వాదిస్తారు. నేను ఒప్పుకోను. థామస్ సింగ్ చేసిన ఆట ఇది, జర్మనీకి చెందిన కాస్మోస్ 2019లో తెచ్చింది, 2020లో జర్మనీలో ఆటలకిచ్చే కెన్నర్‌ష్పీల్ డెస్ యారెస్ అవార్డు వచ్చింది. పదిహేను డాలర్ల చిన్న పెట్టె. నాలుగు రంగుల్లో 1 నుంచి 9 దాకా ముక్కలు, నాలుగు తురుపు ముక్కలు. ఒక్కో చుట్టులో పెద్ద ముక్క వేసినవాడిది గెలుపు. పనులు ముందే పంచుకుంటారు: ఈ పచ్చ 7 ఉన్న చుట్టు నువ్వే గెలవాలి, ఆ పసుపు 3 నేను గెలవాలి. చేతిలో ఏముందో నోటితో చెప్పకూడదు. ఒక్కొక్కరూ ఒకే ఒక్క ముక్క టేబుల్ మీద పెట్టి, దాని మీద బిళ్ళ పైన పెడితే ఆ రంగులో ఇదే నా పెద్దది, కింద పెడితే ఇదే చిన్నది, మధ్యలో పెడితే ఆ రంగులో ఇదొక్కటే ఉందని అర్థం. అంతే. ఇలా యాభై మిషన్లు ఉంటాయి.

మా అత్తయ్య ఇంగ్లీష్ చదవరు. ఆర్కమ్ కార్డు మీది ఆరు లైన్లు ఆవిడకి అనువాదం చేసేలోపు ఆట చల్లబడుతుంది. క్రూ ముక్కల మీద చదవాల్సిందే లేదు. తురుపంటే ఏమిటో మా అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. మూడో మిషన్‌కల్లా మమ్మల్నే సరిదిద్దడం మొదలుపెట్టారు. "పెద్దది అప్పుడే ఎందుకు పారేసుకున్నావు, అది అవతలివాళ్ళకి దారి ఇవ్వాల్సిన ముక్క కదా!" అని.

ఇది కొనకముందే ఇంట్లో ఆడి చూడొచ్చు కూడా. మామూలు పేక తీసుకుని నాలుగు రంగుల్లోనూ ఆసు నుంచి తొమ్మిది దాకా ఉంచండి, ఆసుని ఒకటిగా లెక్కపెట్టండి. ఇస్పేటు రాజు, రాణి, జాకీ, పది కూడా ఉంచి, వాటిని తురుపు 4, 3, 2, 1 అనుకోండి. రెండో పేకలోంచి ఆసు నుంచి తొమ్మిది దాకా ముక్కలు కలిపి పనుల కట్టగా పెట్టుకోండి. మిషన్ల వరస దొరకదు గానీ ఆట మీకు పడుతుందో లేదో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది. నచ్చితే అసలుది కొనండి. 2021లో వచ్చిన మిషన్ డీప్ సీ కూడా దానికదే పూర్తి ఆట. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలు.

ఒక చిన్న ఖర్చు అందరూ మర్చిపోతారు: కార్డు తొడుగులు. ఆర్కమ్‌లో, మార్వెల్‌లో కార్డులు వందల్లో ఉంటాయి, మాటిమాటికీ కలపాలి. అన్నిటికీ తొడుగులు కొంటే ఇంకో ఎక్స్‌పాన్షన్ డబ్బవుతుంది. నేను మా చేతిలో ఉండే డెక్కులకే వేస్తాను, మిగతావాటికి వేయను.

మా బావమరిదికి చివరికి ఏం చెప్పానంటే: వాళ్ళింట్లో భార్యాభర్తలిద్దరు, తొమ్మిదేళ్ళ పాప, పెద్దవాళ్ళు. వారంవారం కలిసే స్నేహితులు లేరు. "ఆర్కమ్ ఇప్పుడొద్దురా. ముందు పేకతో క్రూ ఆడించు, నచ్చితే ఆ పెట్టె తెప్పించుకో. పాపకి మార్వెల్ కోర్ కొను, ఏడాది దాకా ప్యాకులు వద్దు. మీరిద్దరూ శనివారాలు ఖాళీ చేసుకోగలిగిన రోజున 2021 కోర్, డన్‌విచ్ క్యాంపెయిన్ బాక్సు, అంతవరకే కొనండి. ఇన్వెస్టిగేటర్ బాక్సు లేకుండానే నడుస్తుంది" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఆ సంచి?" అన్నాడు. డిసెంబర్‌లో వస్తున్నాం కదా, మాది పట్టుకొస్తానని చెప్పాను.