తొమ్మిదేళ్ల వాడకం తరువాత జాక్ హామర్ గురించి

కుప్పం ప్రాంతంలోని ఒక గ్రానైట్ క్వారీలో తొమ్మిదేళ్లుగా నేను వాడుతున్న జాక్ హామర్ ఇంచుమించు 25 కిలోల బరువుండి, రెండు చేతులతో పట్టుకుని కిందికి రంధ్రం వేసే రకం. బండను దిమ్మెలుగా తీయడానికి వరుసగా, దగ్గర దగ్గరగా రంధ్రాలు వేసి, వాటిలో చీలలు దించి చీల్చే పని కనుక, రంధ్రం నిలువుగా వస్తేనే దిమ్మె చక్కగా విడివడుతుంది.

ఈ యంత్రం కర్రకు తూటు పెట్టినట్టు తొలిచేది కాదు, కొట్టేది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి పిస్టన్‌ను కిందికి తోసినప్పుడు అది రంధ్రం వేసే ఉక్కు రాడ్డు తలపై దెబ్బ వేస్తుంది. పైకి మళ్లేటప్పుడు లోపల మెలిక గాడులున్న కడ్డీ, పళ్ల చక్రం కలిసి రాడ్డును కొంచెం తిప్పుతాయి కనుక, ప్రతి దెబ్బా రాతిమీద కొత్త చోట పడుతుంది. రాడ్డు మధ్యనున్న బోలు గుండా గాలిగానీ నీరుగానీ వెళ్లి పొడిని పైకి తెస్తుంది.

మొదటి ఏడాది యంత్రం నీరసంగా కొడుతోందని అమ్మినవారిని తిట్టుకున్నాను. తప్పు నాదేనని తరువాత తెలిసింది: సన్నని పొడవాటి గొట్టం, గాలి కారే జాయింట్లు. కంప్రెసర్ దగ్గర గాలి ఒత్తిడి ముల్లు చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు చూపినా యంత్రానికి చేరేది అందులో చాలా తక్కువే. గొట్టం మార్చాక అదే యంత్రం కొత్తదానిలా కొట్టింది. యంత్రానికి నూనె అందించడానికి గాలి లైన్‌లో పెట్టే నూనె డబ్బా ఖాళీ కాకుండా చూడడం, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని ఉదయమే వదిలేయడం కూడా నాకు ఆలస్యంగానే అలవాటయ్యాయి. నూనె అందుతోందా అని తెలుసుకోవడానికి బయటికి వచ్చే గాలికి కాగితం అడ్డుపెడితే, దానిమీద పలుచని జిడ్డు కనిపించాలి.

రాడ్లు 0.8, 1.6, 2.4 మీటర్ల పొడవుల్లో వాడతాము. పొడవు పెరిగేకొద్దీ మొన వెడల్పు 34, 33, 32 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ముందు రాడ్డు అరిగి రంధ్రం ఇరుకైనా తరువాతిది ఇరుక్కోకుండా ఉండాలని ఈ ఏర్పాటు. ఈ వరుస తప్పించి తొందరపడినవారు రాడ్డును రాతిలోనే వదిలి వచ్చిన సందర్భాలు చూశాను.

నేను దీనికి తగ్గించే మార్కులన్నీ దుమ్ము వల్లనే. తొలి రెండేళ్లు ముఖానికి తువ్వాలు చుట్టుకుని పొడిగానే కొట్టాము. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుందనీ, అది ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ నయం కాదనీ అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నీటి అమరిక పెట్టించాను. నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికన్నా తక్కువగా ఉంచాలి, లేకపోతే నీరు యంత్రంలోకి చొరబడి నూనెను కడిగేస్తుంది. ఎండాకాలంలో ట్యాంకరు రాని రోజున పని ఆపేస్తాను, కూలీ నష్టమైనా సరే.

ఒకసారి జాయింటు ఊడి, గొట్టం పాములా లేచి పక్కనున్న డ్రమ్మును తలకిందులు చేసింది. ఆనాటి నుంచి ప్రతి జాయింటుకూ గొలుసు కడుతున్నాను. కంప్రెసర్ వాల్వు మూసి, మిగిలిన గాలిని వదిలేశాకే గొట్టం విప్పుతాను. రంధ్రం మొదలుపెట్టేటప్పుడు రాడ్డును కాలితో అదిమిపట్టే అలవాటు మా వాళ్లలో ఇంకా పోలేదు. పాత పేలుడు రంధ్రం అడుగున పేలని మందు మిగిలి ఉండవచ్చు కనుక అందులో మళ్లీ రాడ్డు పెట్టకూడదు. శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవి మూతలు లేకుండా ముట్టుకోను. అదరడం వల్ల మాత్రం చలికాలపు ఉదయాల్లో కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ తిమ్మిరెక్కుతాయి. అందుకే ఇంకొకటి కొనవలసి వస్తే, నీటి అమరికతోపాటు అదురు తగ్గించే పిడులు ఉన్నదే తీసుకుంటాను, ధర ఎక్కువైనా.