టేకు, ఎండీఎఫ్, బీచ్: పేరు చెక్కించే కానుకకు ఏది మేలు?

చుట్టాల్లో ఎవరింట షష్టిపూర్తి అనుకున్నా, గృహప్రవేశం అనుకున్నా నాకు ఫోన్లు మొదలవుతాయి. "లేజర్ పని టేకు మీదే చేయిద్దామా? ఎండీఎఫ్ మీదైనా అలాగే వస్తుందట కదా?" అని.

ధర, మన్నిక, రంగు అన్నీ చూడాల్సినవే. కానీ తెలుగులో పేరు చెక్కించేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది అక్షరం. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఏ చెక్క మీదైనా తేలిగ్గా చదవచ్చు. మన అక్షరానికి కడుపులో చుక్క ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, తలకట్టు దగ్గర వెంట్రుకవాసి సందు ఉంటుంది. ఆ సందు మాడి పూడిపోతే పేరే మారిపోతుంది.

టేకంటే మనవాళ్లకు గౌరవం. ద్వారబంధాలు టేకు, మంచాలు టేకు, కాబట్టి కానుక కూడా టేకుదే కావాలంటారు. చెదలు తేలిగ్గా ముట్టవు, తేమకు పెద్దగా ఉబ్బదు, అక్కడ వంక పెట్టను. లేజర్ కింద మాత్రం దాని చారలు అడ్డం వస్తాయి. ఒకే పవర్ పెట్టినా మెత్తని చోట లోతుగా కాలుతుంది, గట్టి చోట పైపైన మాడుతుంది. నీలకంఠం అనే పేరును పావు అంగుళం ఎత్తులో చెక్కించి చూడండి. ఠలో చుక్క సరిగ్గా చెక్క రంధ్రాల వరుస మీద పడిందా, చూసేవాళ్లకు 'నీలకంరం' అనే కనిపిస్తుంది. పైగా చెక్కదీ గోధుమ రంగే, కాలిన గీతదీ గోధుమ రంగే. పాలిష్ పడితే చెక్క ఇంకా ముదిరి ఆ కాస్త తేడా కూడా తగ్గుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం నా ఓటు టేకుకే. పాత ఇల్లు విప్పినప్పుడు తాతల నాటి దర్వాజా ముక్క దొరికితే దాన్ని మించిన కానుక లేదు. అప్పుడు అక్షరం అంగుళానికి తగ్గకుండా ఇంటిపేరు ఒక్కటే చెక్కించండి.

ఎండీఎఫ్‌కు చారలే ఉండవు. అక్షరం చక్కగా వస్తుంది, ఖర్చూ తక్కువ. కానీ అది సన్నని చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన షీటు. కాలేటప్పుడు ఆ జిగురు పొగలో ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. ఇంట్లో చిన్న డయోడ్ లేజర్ మెషిన్ పెట్టుకున్నవాళ్లు పొగను బయటికి లాగే ఎగ్జాస్ట్ లేకుండా దాని జోలికి పోకూడదు. తడి తగిలితే అంచులు ఉబ్బుతాయి. దేవుడి గదిలో పెట్టుకునే వస్తువు మీద ఏదో ఒకరోజు అభిషేకం నీళ్లు పడతాయి కదా. పిల్లల పుట్టినరోజు అలంకరణకు ఎండీఎఫ్ సరిపోతుంది. పెద్దవాళ్లు పదేళ్లు దాచుకునే వస్తువుకు వద్దు.

నేను ఎంచుకునేది స్టీమ్ బీచ్, అంటే ఆవిరి పట్టించిన బీచ్ చెట్టు చెక్క. లేత రంగు, సన్నని చారలు, కాలిన గీత ముదురుగా స్పష్టంగా నిలుస్తుంది. ఈమధ్య మా అత్తయ్య కోసం, వాళ్లమ్మగారి పాత ఉత్తరంలో రెండు వాక్యాలు స్కాన్ చేసి, ఆవిడ చేతిరాతలోనే దీనిమీద చెక్కాను. కలం ఆగిన చోట పడిన చిన్న సిరా చుక్కతో సహా వచ్చింది. అత్తయ్య ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, దిద్దుకుంటున్నట్టు చదివింది. టేకు మీద ఆ సన్నటి గీతలు నిలిచేవి కావు. బీచ్‌తో ఇబ్బంది ఒకటే, తేమను బట్టి వంగుతుంది. కాస్త మందపాటి పలక తీసుకుని రెండు వైపులా పాలిష్ వేయించండి. ఒక వైపే వేస్తే వంపు ఖాయం.

కీచైన్లు, కుంకుమ భరిణెల లాంటి చిన్న వస్తువులకు అంకుడు కర్ర దొరికితే వదలొద్దు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడేది అదే. తెల్లగా, నున్నగా ఉంటుంది. పెద్ద పలకలు రావు, అంతే.

పైన్ మీద ఫోటో చెక్కిస్తే ముఖం మీద చారలు పడతాయి. ప్లైవుడ్ ఆకారాలు కోసుకోవడానికి బాగుంటుంది.

ఏది తీసుకున్నా, ముందు అదే చెక్క తునక మీద పేరులోని కష్టమైన అక్షరం ఒక్కటి చెక్కి చూపించమనండి. గీతలన్నీ ఒకే మందంలో ఉండే సాదా ఫాంటు అడగండి. చెక్కే ముందు మాస్కింగ్ టేపు అతికించమని కూడా చెప్పండి. లేకపోతే అక్షరం చుట్టూ పొగ మరక దిగుతుంది, దాన్ని ఉప్పు కాగితంతో రుద్దబోతే సన్న గీతలూ పోతాయి.