కుక్కతో స్కాట్లాండ్‌కు మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుంటున్నారా? ముందు ఇది చదవండి

జూన్‌లో నేను, మా ఆయన, మా చిట్టి (నాలుగేళ్ల లాబ్రడార్) కలిసి ఇన్వర్‌నెస్ నుంచి ఎన్‌సీ 500 (నార్త్ కోస్ట్ 500, స్కాట్లాండ్ ఉత్తర తీరాన్ని చుట్టే రోడ్డు దారి) చుట్టొచ్చాం. 516 మైళ్ల దారి. ఊళ్లు, సముద్రం, కొండలు, గొర్రెలు... వాటికి వంక పెట్టను. బాధంతా మోటార్‌హోమ్ (పడకా వంటిల్లూ ఉన్న బండి) అద్దెకిచ్చిన వాళ్లతోనే.

ప్రకటనలో 'కుక్కలకు స్వాగతం' అని పెద్ద అక్షరాల్లో ఉంది. చిట్టి పేరు మీద 60 పౌండ్లు అదనంగా తీసుకున్నారు, డిపాజిట్ వెయ్యి. బండి అప్పగించేటప్పటికి ఆఫీసు మూసే వేళ. పైన తుంపర, పక్కన చిట్టి అరుపులు. గ్యాస్, నీళ్ల ట్యాంకు, టాయిలెట్ క్యాసెట్ (బయటికి తీసి ఖాళీ చేసే డబ్బా) పావుగంటలో చూపించేసి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. బండిలో పాత దెబ్బలేవైనా ఉన్నాయా అని చూసే తీరిక ఇవ్వలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పే.

మొదటి రాత్రి తెలిసింది, పక్క తలుపు దోమతెర పై మూల జానెడు చిరిగి ఉందని. అక్కడి మిడ్జ్‌లు మన దోమల కంటే చిన్నవి, కానీ గుంపుగా వచ్చి కుట్టేస్తాయి. ఆ రాత్రి ముగ్గురికీ నిద్ర లేదు. పొద్దున సిగ్నల్ దొరికే దాకా కొండ ఎక్కి ఫోన్ చేస్తే, 'పర్లేదు, వచ్చాక చూద్దాం' అన్నారు. ఆ మాట మెసేజ్‌లో పెట్టమని అడగాల్సింది.

తిరిగి ఇచ్చిన రోజు మాట మారింది. 'మీ కుక్కే చించింది' అని దోమతెరకు 240, వెంట్రుకల శుభ్రానికి 150 కోశారు. చిరిగింది పై మూలండీ! చిట్టి నిచ్చెన వేసుకుంటే తప్ప అందదు. ఇక వెంట్రుకలంటారా, చివరి రోజు రెండు గంటలు వ్యాక్యూమ్ పట్టింది మా ఆయనే.

ఇంకోటి. వాళ్లిచ్చిన మ్యాప్‌లో యాపిల్‌క్రాస్‌కి వెళ్లే బెలాక్ నా బా కనుమ దారికి మార్కర్‌తో గీత గీసి ఉంది. తీరా కింద బోర్డు చూస్తే, 2,053 అడుగుల ఎత్తు, హెయిర్‌పిన్ మలుపులు, మరీ పెద్ద వాహనాలకూ క్యారవాన్లకూ (కారు వెనక తగిలించి లాగే ఇళ్లబండ్లకూ) ఈ దారి తగదు అని ఉంది. అక్కడే ఆగి ఒప్పందం తీసి చదివితే, 'సరిపడని రోడ్ల' మీద జరిగిన నష్టానికి బీమా వర్తించదట! వెనక్కి తిప్పుకొని షీల్డెయిగ్ మీదుగా తీరం దారిలో పోయాం. అదీ ఒంటి వరస రోడ్డే, కానీ గుండె చేత్తో పట్టుకోవాల్సిన పని లేదు.

కాబట్టి బండి తీసుకునేటప్పుడు ఎంత తొందరపెట్టినా లోపలా బయటా ఫోన్‌లో వీడియో తీయండి, పరుపులూ దోమతెరలూ సహా. కుక్క వెంట్రుకలకు ఎంత తీసుకుంటారో ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే 5 శాతం తగ్గిస్తాం అన్నారని మేం అలాగే కట్టాం. ఆ ఆశకు పోకండి. యూకేలో 100 పౌండ్లు దాటి 30 వేల లోపున్న సేవకు క్రెడిట్ కార్డుతో కడితే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని కూడా నిలదీయొచ్చు. మాకిప్పుడు ఆ దారి లేదు. మూడు ఈమెయిళ్లు పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.