సెడాన్‌ని రేస్ కారు చేయాలంటే ఏది మేలు: ముందు చక్రాలా, వెనక చక్రాలా, నాలుగూనా?

ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే నాలుగు తలుపుల కారుని టూరింగ్ కార్ రేసుకి, అంటే షోరూమ్ కార్లని మార్చి నడిపే రేసుకి, సిద్ధం చేయాలంటే, ఇంజిన్ పవర్ ఏ చక్రాలకు వెళ్తుందో అన్నిటికన్నా ముందు చూసుకోవాలి. సస్పెన్షన్ ఎలా కట్టాలి, బరువు ఎక్కడ పెట్టాలి, టైర్లు ఎన్ని ల్యాపులు ఆగుతాయి అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఈ మూడు పద్ధతులూ ఒకే ట్రాక్ మీద నేరుగా తలపడిన కాలం 1990లు, చోటు బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్. అక్కడి రూల్స్ ప్రకారం 2 లీటర్ల ఇంజిన్, టర్బో లేదు, ఇంజిన్ నిమిషానికి 8,500 చుట్లు (ఆర్‌పీఎం) దాటకూడదు. పవర్‌లో ఎవరూ మరీ ముందుకు పోలేరు కాబట్టి, కారు కట్టిన తీరే ఫలితాన్ని తేల్చేది.

మొదట్లో వెనక చక్రాలదే రాజ్యం. 1991, 1992, 1993 మూడేళ్లూ చాంపియన్లు బీఎండబ్ల్యూ నడిపినవాళ్లే: విల్ హోయ్, టిమ్ హార్వీ, యోఆకిమ్ వింకెల్‌హాక్. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ముందు టైర్లు కారుని తిప్పుతాయి, వెనక టైర్లు తోస్తాయి. పని పంచుకోవడం వల్ల ఏ జతా తొందరగా అరిగిపోదు. పైగా రేసు మొదలైనప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది కదా, తోసే టైర్లకు అప్పుడే పట్టు పెరుగుతుంది. డ్రైవర్లకు కూడా ఇలాంటి కారంటే ఇష్టం, మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌తోనే దాన్ని సర్దుకోవచ్చు. కానీ ఈ మేలు రూల్స్ రాసేవాళ్లకూ కనిపించింది. ముందు చక్రాల కార్లకన్నా ఎక్కువ కనీస బరువుతో పరుగెత్తాలన్నారు. 1993 తర్వాత ఆ దశాబ్దంలో బీఎండబ్ల్యూ డ్రైవర్‌కి మళ్లీ ఆ టైటిల్ దక్కలేదు.

నాలుగు చక్రాల కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1996లో ఆడి ఏ4 క్వాట్రో బ్రిటన్, జర్మనీ, ఇటలీ సహా ఏడు దేశాల్లో చాంపియన్‌షిప్ గెలిచింది. బ్రిటన్‌లో ఆ కారు నడిపింది ఫ్రాంక్ బీలా. స్టార్ట్‌లో నాలుగు టైర్లూ నేలని పట్టుకుంటాయి, వాన పడితే ఇక చెప్పక్కర్లేదు. నష్టాలు లేకపోలేదు. అదనపు షాఫ్టులు, చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్ బరువు పెంచుతాయి, కొంత పవర్ మింగేస్తాయి. ఏ4లో ఇంజిన్ ముందు ఇరుసు (యాక్సిల్) కన్నా ముందుకి ఉంటుంది, ఆ బరువుని వెనక్కి జరపడం కష్టం. అయినా గెలిచిందంటే ఆ పట్టు విలువ ఎంతో చూడండి. ఆడి మీద ఇంకా బరువు వేశారు. 1998కి బ్రిటన్‌లో ఆడి ముందు చక్రాల ఏ4తో దిగాల్సి వచ్చింది.

ఇప్పుడు అందరూ తక్కువగా చూసే ముందు చక్రాల సంగతి. తిప్పడం, లాగడం, బ్రేకుల భారంలో ఎక్కువ వాటా, అన్నీ రెండు ముందు టైర్ల మీదే. అవి వేడెక్కి చివరి ల్యాపుల్లో జారతాయి, కారు ముక్కు మలుపు బయటికి పోతుంది. వెనక టైర్లకి పని లేక మొదటి ల్యాపుల్లో చల్లగానే ఉంటాయి, అప్పుడు వెనక భాగం ఉన్నట్టుండి విసిరేస్తుంది. ఇన్ని లోపాలున్నా 1994, 1995లో, మళ్లీ 1997 నుంచి 2000 దాకా వరసగా గెలిచింది ఇవే. ఎలా అంటే ఇంజనీర్లు ఒక్కో లోపానికీ ఒక్కో విరుగుడు కనిపెట్టారు. ఇంజిన్‌ని వీలైనంత కిందికి, డ్యాష్‌బోర్డ్ వైపుకి జరిపారు. డ్రైవర్ సీటుని బాగా వెనక్కి తీసుకెళ్లారు. రోల్ కేజ్‌ని, అంటే బోల్తా పడినా డ్రైవర్‌ని కాపాడే గొట్టాల చట్రాన్ని, బాడీకి వెల్డింగ్ చేసి బాడీ వంగకుండా గట్టి చేశారు. వెనక సస్పెన్షన్‌ని బిగించి, వెనక భాగం తేలిగ్గా తిరిగేలా చేశారు. ఫార్ములా వన్ జట్టు విలియమ్స్ తయారుచేసిన రెనో లగూనాతో 1997లో ఆలన్ మెనూ టైటిల్ కొట్టాడు. 1998లో వోల్వో ఎస్40, 1999లో నిస్సాన్ ప్రిమెరా. బయటికి మాత్రం షోరూమ్ సెడాన్ లాగే కనిపించేవి, నాకు వీటి మీద మోజు అందుకే.

1994 ఆల్ఫా రోమియో 155 గురించి కొంచెం చెప్పాలి. రోడ్డు మీద అమ్మే ప్రత్యేక మోడల్‌కి స్పాయిలర్ (గాలితో కారుని నేలకి అదిమే రెక్క) భాగాలు డిక్కీలో పెట్టి ఇచ్చారు, రేసులో వాటిని బిగించి ఎత్తు పెంచుకున్నారు. మిగతా జట్లు గొడవ చేశాయి, ఆల్ఫా ఒకసారి పోటీ వదిలి వెళ్లిపోయింది కూడా. రెక్క వెనక్కి సర్దుకుని తిరిగొచ్చాకా గాబ్రియేలే తర్క్వీనీయే చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది వోల్వో 850 ఎస్టేట్‌తో (వెనక్కి పొడవుగా కప్పు ఉండే సామాన్ల కారు) దిగి, మరుసటి ఏడాది రూల్స్ రెక్కలకు ఒప్పుకోగానే సెడాన్‌కి మారింది. డిక్కీ మూత ఉన్న సెడాన్ మీద వెనక రెక్క బాగా పనిచేస్తుంది. రేసుకి సెడాన్‌ని ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణమే.

నా మాట అడిగితే, రూల్స్ అందరికీ ఒకే బరువు పెడితే నాలుగు చక్రాలకే ఓటు. కానీ ఏ పోటీలోనూ అలా జరగదు, గెలిచిన పద్ధతి మీద తర్వాతి ఏడాది బరువు పడుతుంది. వెనక చక్రాలు నడపడానికి హాయి, అయితే చాలా మధ్యతరగతి సెడాన్లలో ఆ ఏర్పాటే ఉండదు. కాబట్టి ముందు చక్రాలే మేలంటాను. కష్టపడి ఇంజిన్ దించి, సీటు జరిపి, సస్పెన్షన్ దిద్ది సంపాదించిన వేగాన్ని బరువు రూల్ అంత తేలిగ్గా లాక్కోలేదు.

మన దగ్గరా అంతే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిరిగిన ఎస్టీమ్, హోండా సిటీ, వెంటో, అన్నీ ముందు చక్రాల కార్లే. మీ దగ్గర పాత సిటీ ఉంటే ఇంజిన్ జోలికి వెళ్లకండి. ముందు రోల్ కేజ్ వేయించండి, తర్వాత బ్రేకులు. ఆ తర్వాత, ఒక చక్రం జారినా రెండోదానికి పవర్ పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. అది లేకపోతే మలుపులో లోపలి చక్రం ఖాళీగా తిరుగుతూ, ఉన్న పవర్‌నంతా పొగ చేసేస్తుంది.