పది అడుగుల గదికి ఎంత డ్రెస్సర్? ఆరు నెలలు వాడిన తరువాత రాస్తున్న సమీక్ష

పటమట నుంచి ఆటోనగర్ వైపు వెళ్లే ఒక సందులోని చిన్న వడ్రంగి వర్క్‌షాపులో మేము చేయించుకున్న డ్రెస్సర్, అంటే బట్టలు దాచుకునే సొరుగుల పెట్టె గురించి, అంతకుముందు విజయవాడలోనే ఒక పెద్ద షోరూములో కొని మూడో రోజున వెనక్కు పంపిన డ్రెస్సర్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. రెండు దుకాణాల పేర్లూ ఇవ్వడం లేదు. షోరూము విషయంలో జరిగిన పొరపాటులో సగం నాది. వర్క్‌షాపుకైతే అసలు బోర్డే లేదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మేము అక్కడే కింది వాటాలో ఉండేవాళ్లం. నీళ్లు తీసిన తరువాత వెళ్లి చూస్తే, పార్టికల్ బోర్డుతో (చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలకతో) చేసిన మా పాత డ్రెస్సింగ్ టేబుల్ అడుగు పలకలు నానిన అటుకుల్లా ఉబ్బి, చేత్తో తీస్తే ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చాయి. అదే గదిలోని ఇనప బీరువా మాత్రం తుప్పు మచ్చలతో బతికి బయటపడి, ఇప్పుడు సత్యనారాయణపురంలోని మా రెండో అంతస్తు ఫ్లాటులో కూడా తన నైరుతి మూలను తాను దక్కించుకుంది. కొత్త డ్రెస్సర్ ఎంత ఉండాలన్న ప్రశ్నకు సగం సమాధానం ఆ బీరువాయే చెప్పిందని తరువాత గాని నాకు తెలియలేదు.

షోరూములో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "గోడ ఎంతుంటుందండి?" పది అడుగులన్నాను. "అయితే ఐదడుగులది హాయిగా సరిపోతుంది మేడమ్" అని ఆ అబ్బాయి 60 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల లోతు ఉన్న ఆరు సొరుగుల డ్రెస్సర్ చూపించాడు. అంత పెద్ద హాలులో, తలమీద ఇరవై దీపాల వెలుగులో, అది చిన్నదిగానే కనిపించింది. షోరూములో సామాను చిన్నదిగా, ఇంట్లో పెద్దదిగా కనిపించడం సోఫాల విషయంలో ఇదివరకే అనుభవమైనా మళ్లీ అదే పని చేశాను. దాన్ని మా మెట్ల మలుపు దగ్గర నిలువుగా ఎత్తి, గోడకు గీతలు పడేలా తిప్పి, ముగ్గురు మనుషులు పైకి చేర్చారు. గదిలో పెట్టి మొదటి సొరుగు లాగగానే వెనక్కు అడుగు వేసిన నేను మంచం మీద కూర్చుండిపోయాను. అది కూర్చోవాలని కూర్చోవడం కాదు.

గది లెక్క ఇది. తూర్పు పడమరలుగా 10 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 11 అడుగులు, అంటే 120, 132 అంగుళాలు. దక్షిణం వైపు తల పెట్టుకునేలా మంచం వేశాం. ఐదడుగుల వెడల్పు పరుపు మంచమే అయినా చట్రంతో కలిపి దాని పొడవు 82 అంగుళాలు వచ్చింది. 132లో 82 పోగా మంచం కాళ్ల వైపు నుంచి ఉత్తరపు గోడ దాకా మిగిలేది 50 అంగుళాలు. నైరుతిలో బీరువా, దాని పక్కనే మంచం, తూర్పున మనిషి ఒరుసుకుని నడిచేటంత సందు ఉండటం వల్ల డ్రెస్సర్‌కు ఆ ఉత్తరపు గోడ తప్ప వేరే చోటు లేదు. 20 అంగుళాల లోతున్న డ్రెస్సర్ పెడితే 30 మిగులుతుంది. దానికి వేసిన 18 అంగుళాల ఛానెల్‌తో (సొరుగు జారే ఇనప పట్టీతో) సొరుగు పూర్తిగా బయటికి వస్తే మిగిలేది 12 అంగుళాలు, అంటే ఒక జానెడున్నర కన్నా తక్కువ. అంత సందులో మనిషి నిలబడవచ్చు గాని, వంగి అడుగు సొరుగులోంచి చీర తీయడం కుదరదు.

వెడల్పు సంగతీ అంతే. గది తలుపు పడమటి గోడకు, వాయువ్య మూలను ఉంది. తెరిస్తే దాని రెక్క ఉత్తరపు గోడకు ఆనుకుని 36 అంగుళాలు తినేస్తుంది. ఈశాన్య మూలను స్నానాల గది తలుపు ఉంది. అందులోకి వెళ్లడానికి కనీసం 30 అంగుళాలు వదలాలి. పది అడుగుల గోడ అని నేను ధీమాగా చెప్పినదానిలో డ్రెస్సర్‌కు చెందేది 54 అంగుళాలే. 60 అంగుళాల పెట్టె వల్ల మా వారు రాత్రిపూట స్నానాల గదికి ఓరగా నడవవలసి వచ్చింది. మూడో రోజున షోరూముకు ఫోన్ చేస్తే, రవాణా ఖర్చు కింద 2,000 రూపాయలు తగ్గించుకుని వెనక్కు తీసుకున్నారు. ఆ విషయంలో వారిమీద నాకు ఫిర్యాదు లేదు. గోడ పొడవు అడిగినవారు తలుపులు ఎటు తెరుచుకుంటాయని అడగకపోవడమే నా ఫిర్యాదు.

పటమట మేస్త్రి గారి దగ్గరికి మా చెల్లెలు పంపితే వెళ్లాను. ఆయన ధర చెప్పలేదు, నమూనాల పుస్తకం చూపించలేదు. "సొరుగు లాగితే మీరెక్కడ నుంచుంటారమ్మా?" అని అడిగారు. నాకు సమాధానం తెలియలేదు. ఆ సాయంత్రమే టేపు జేబులో పెట్టుకుని బండి మీద వచ్చి, గది కొలవకుండా ముందు తలుపులు రెండూ పూర్తిగా తెరిపించారు. తరువాత మా అత్తయ్య గారిని ముగ్గుపిండి అడిగి, ఉత్తరపు గోడ వెంబడి నేల మీద 42 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతుతో ఒక గడి గీశారు. దాని ముందు సొరుగు బయటికి వచ్చే మేరకు 14 అంగుళాల దగ్గర ఇంకో గీత గీశారు. "రెండు రోజులు ఈ గీత దాటకుండా తిరగండి. ఇబ్బందయితే ఇంకా తగ్గిద్దాం" అని చెప్పి వెళ్లిపోయారు. మా అత్తయ్య గారు మొదట నవ్వినా, పడకగదిలో వేసిన ఆ ముగ్గును రెండు రోజులూ తుడవనివ్వలేదు.

లెక్క చూడండి. 50లో 16 పోతే 34. సొరుగు 14 అంగుళాలు బయటికి వచ్చినా నిలబడటానికి 20 అంగుళాలు మిగిలాయి. లోతులో తగ్గించిన నాలుగు అంగుళాలు రెండు విధాల కలిసి వచ్చాయి: పెట్టె తగ్గింది, దానితోపాటు సొరుగు బయటికి వచ్చే దూరమూ తగ్గింది. చిన్న పడకగదికి డ్రెస్సర్ ఎంచుకునేటప్పుడు అందరూ వెడల్పు గురించే మాట్లాడుకుంటారు. నా అనుభవంలో ముందు తేల్చుకోవలసింది లోతు. వెడల్పు ఎక్కువైతే గోడ నిండుతుంది, లోతు ఎక్కువైతే నడిచే దారి పోతుంది. 42 అంగుళాలకు తగ్గడానికి నేను మొదట ఒప్పుకోలేదు. 54 దాకా చోటుంది కదా అన్నాను. గది తలుపు రెక్కకు, డ్రెస్సర్ అంచుకు మధ్య నాలుగు వేళ్లయినా లేకపోతే హ్యాండిల్ పాలిష్‌ను గీరేస్తుందని, స్నానాల గది దగ్గర తడి కాళ్లతో తిరిగే చోటికి చెక్క దగ్గరగా ఉండకూడదని ఆయన చెప్పిన కారణాలు రెండూ నిజమని వర్షాకాలంలో తెలిసింది.

అద్దం విషయంలో ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మన దుకాణాల్లో డ్రెస్సర్ అంటే అద్దంతో కూడిన డ్రెస్సింగ్ టేబుల్ అనే అర్థం. అద్దం ఉత్తరపు గోడకు ఉంటే అది మంచానికి సరిగ్గా ఎదురవుతుంది, వాస్తు ప్రకారం అది కూడదని అత్తయ్య గారు పట్టుబట్టారు. నాకు వాస్తు మీద పెద్ద పట్టింపు లేదు గాని, అర్ధరాత్రి లేచినప్పుడు చీకట్లో అద్దంలో ఎవరో కదిలినట్టు అనిపించడం నాకూ ఇష్టం లేదు. చివరికి డ్రెస్సర్‌ను అద్దం లేకుండా చేయించి, అద్దాన్ని తూర్పు గోడకు, స్నానాల గది తలుపు పక్కన విడిగా బిగించాం. పడుకున్నవారికి అందులో తమ ప్రతిబింబం కనబడదు. నిలువెత్తు రూపం కనబడటానికి నిలువెత్తు అద్దం అవసరం లేదు, మన ఎత్తులో సగం ఉంటే చాలునన్నది బడిలో చదివిన పాఠమే. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, మా వారి ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. నా పాదాలు కనబడాలంటే కింది అంచు నా కంటి ఎత్తులో సగానికి, అంటే నేల నుంచి 29 అంగుళాలకు మించకూడదు. ఆయన నడినెత్తి కనబడాలంటే పై అంచు 66 అంగుళాలకు తగ్గకూడదు. 38 అంగుళాల అద్దం తీసుకుని 28 దగ్గర మొదలుపెట్టాం. ఇద్దరికీ సరిపోయింది.

సొరుగుల దగ్గర దుకాణాలవారు చెప్పని సంగతి ఒకటి ఉంది. 42 అంగుళాల డ్రెస్సర్ అంటే సొరుగు లోపల 42 అంగుళాలు ఉండవు. రెండు పక్కల 18 మిల్లీమీటర్ల ప్లై, రెండు ఛానెళ్లకు చెరో అర అంగుళం, సొరుగు పక్క పలకలు తీసేస్తే లోపలి వెడల్పు 38న్నర అంగుళాలు వచ్చింది. మడతపెట్టిన పట్టుచీర 12 అంగుళాల వెడల్పున పడుతుంది కనుక పక్కపక్కన మూడు దొంతరలు పట్టాయి. ఇదే 36 అంగుళాల డ్రెస్సర్ అయి ఉంటే రెండు దొంతరలు పట్టి, మూడోదానికి చోటు చాలక ఎనిమిది అంగుళాలు వృథాగా ఉండేది. కొనే ముందు మీ చీరనో చొక్కానో మీరు మడిచే పద్ధతిలోనే మడిచి, టేపుతో కొలిచి, ఆ కొలత దుకాణానికి తీసుకువెళ్లండి. మా దానిలో పైన రెండు చిన్న సొరుగులు, కింద మూడు వెడల్పాటి సొరుగులు ఉన్నాయి. పై సొరుగులో నా గాజులు, రవిక గుండీలు, మా వారి గడియారం, ఎందుకు దాచామో తెలియని మూడు తాళాలు ఉన్నాయి.

మొత్తం ఎత్తు 36 అంగుళాలు, అందులో కాళ్లు ఆరు. చీపురు, తడిగుడ్డ కిందికి ధారాళంగా వెళతాయి. ఈ కాళ్ల ఎత్తు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మా నేల టైల్స్ గోడ మీదికి నాలుగు అంగుళాలు ఎక్కి, అర అంగుళం ముందుకు పొడుచుకుని ఉంటాయి; నేలకు ఆనే పెట్టె అయితే ఆ అంచుకు తగిలి గోడకు దూరంగా ఆగిపోతుంది. మేస్త్రి గారు వెనక కాళ్లను కాస్త లోపలికి పెట్టడంతో పెట్టె గోడను తాకింది. దానివల్ల కలిసి వచ్చింది అర అంగుళమే అయినా, డ్రెస్సర్ వెనక్కు దువ్వెనలు పడిపోవడం మానేశాయి.

చెక్క గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. బుడమేరు చూసిన తరువాత పార్టికల్ బోర్డు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పెట్టెకు ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకం ప్లై, కాళ్లకు టేకు వాడారు. మామూలు వాడకానికి ఉద్దేశించిన ఐఎస్ 303 రకం సరిపోతుందని, రెండో అంతస్తుకు వరద రాదని మేస్త్రి గారు చెప్పినా నేనే వినలేదు. పలక కోయకముందే ముద్ర చూపించమని అడగండి, కోసి మైకా అంటించిన తరువాత చూడటానికి ఏమీ ఉండదు.

లోతు తగ్గించినందుకు మూల్యం కూడా ఉంది, దాన్ని దాచను. 16 అంగుళాల పెట్టె 20 అంగుళాల దానికన్నా తేలికగా ముందుకు ఒరుగుతుంది. నిండుగా ఉన్న మూడు సొరుగులూ ఒకేసారి లాగితే వెనక కాళ్లు నేల నుంచి లేవడం నా కళ్లతో చూశాను. ఇది మా ఒక్కరి భయమే కాదు. 2016 జూన్‌లో అమెరికాలో ఐకియా సంస్థ, గోడకు బిగించకపోతే పిల్లల మీద పడే ప్రమాదం ఉన్నదని తన సొరుగుల పెట్టెలు సుమారు 2 కోట్ల 90 లక్షలను వెనక్కు పిలవవలసి వచ్చింది. మాకు మేస్త్రి గారు వెనకవైపు పైన రెండు ఎల్ క్లాంపులు (ఎల్ ఆకారపు ఇనప పట్టీలు) వేసి గోడకు మరలతో బిగించారు. అయితే అది నేను అడిగిన తరువాత, రెండోసారి వచ్చి చేసిన పని. పెట్టె అప్పగించిన రోజునే ఆ పని చేసి ఉండవలసింది. మనవలు వచ్చే ఇళ్లలో దీన్ని వాయిదా వేయవద్దు.

మిగతా లోపాలు చిన్నవి. పది రోజులన్న పని పద్దెనిమిది రోజులు పట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ "రేపు పాలిష్ అమ్మా" అన్నమాటే వినిపించింది. ఆ పాలిష్ వాసన వారం దాకా పోలేదు, ఆ వారమంతా చీరలు బీరువాలోనే ఉన్నాయి. అన్నిటికన్నా కింది సొరుగు ఆగస్టు వానల్లో కాస్త పట్టేసింది, కొవ్వొత్తి రుద్దినా వదలలేదు, ముందు పలక కింది అంచును చిత్రిక పట్టాలన్నారు. మొత్తం 27,500 రూపాయలైంది. షోరూము డ్రెస్సర్ దీనికన్నా 3,000 తక్కువ, పైగా వెడల్పులో అడుగున్నర ఎక్కువ. అంగుళాల లెక్కన చూసేవారికి మాది ఖరీదైన బేరమే.

గది పెద్దదై, మంచం కాళ్ల వైపు ఐదడుగులకు తగ్గకుండా ఖాళీ ఉంటే, షోరూములో సిద్ధంగా దొరికే 20 అంగుళాల లోతున్నది తీసుకోవడమే మేలు. రోజుల తరబడి ఎదురుచూపు తప్పుతుంది, సొరుగులో దుప్పట్లు కూడా పడతాయి. అంతకు తక్కువ గదులకు మాత్రం ఈ వర్క్‌షాపునే చెబుతాను. గుంటూరులో మా అమ్మాయి ఇంట్లోనూ ఒకటి చేయాలని అడిగితే, మేస్త్రి గారు ముందు గది ఫొటోలు పంపమన్నారు, తలుపులన్నీ తెరిచి తీయాలన్నారు. చిత్రిక పట్టడానికి వచ్చే ఆదివారం వస్తానన్నారు గాని, ఏ ఆదివారమో చెప్పలేదు.